పెద్దవాళ్లను శంషాబాద్ నుంచి విదేశానికి పంపుతున్నారా? టికెట్ కొన్నప్పటి నుంచి దిగేదాకా ఇలా చేయండి

మా పెద్దమ్మకు 68 ఏళ్లు. హన్మకొండ దాటి ఆమె చూసినవి వేములవాడ, యాదగిరిగుట్ట, తిరుపతి. మోకాళ్ల నొప్పులున్నాయి. ఇంగ్లిష్ రాదు, హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడలేదు. కిందటేడు ఆమె ఒక్కతే మధ్యలో ఒకచోట విమానం మారి, అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లొచ్చింది. పంపే ముందు నెల రోజులు నేను చేసిన ఏర్పాట్లు, తిరిగొచ్చాక ఆమె చెప్పిన ముచ్చట్లు రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఎయిర్‌పోర్టు ఎలా ఉందని అడిగితే ఆమె అద్దాల గోడల గురించి గానీ, బంగారం దుకాణాల గురించి గానీ చెప్పలేదు. "నీళ్లు ఏడున్నయో, బాత్రూం ఏడున్నదో తెలిస్తే సగం భయం పోతది బిడ్డా" అంది. నీళ్లు, బాత్రూం, నడుం వాల్చడానికి ఒక కుర్చీ, దారి చూపే మనిషి. ఈ నాలుగూ ఏ పెద్ద విమానాశ్రయంలోనైనా ఉంటాయి, చాలావరకు ఉచితమే. కాకపోతే అడగాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని అడగాలో మన పెద్దవాళ్లకు ఎవరూ చెప్పరు కాబట్టి ఆ పని మనమే చేయాలి.

టికెట్ కొనేటప్పుడే సగం పని

ధర ఒక్కటే చూసి టికెట్ కొనకండి. మధ్యలో విమానం మారాల్సి ఉంటే ఆ రెండింటి మధ్య ఎంత టైం ఉందో చూడండి. రెండు గంటల లోపు ఉంటే పెద్దవాళ్లకు పరుగు, టెన్షన్. ఎనిమిది, పది గంటలుంటే కాళ్లు వాచిపోతాయి. మూడు నుంచి నాలుగున్నర గంటలు ఉంటే మంచిదని నా లెక్క. బాత్రూంకు వెళ్లి, ఏదైనా తిని, నింపాదిగా గేటు చేరుకోవచ్చు. విమానం కాస్త ఆలస్యమైనా రెండోది తప్పిపోదు.

ప్రయాణం మొత్తం ఒకే బుకింగ్‌లో ఉండాలి. ఐదారు వేలు మిగులుతాయని విడివిడిగా రెండు టికెట్లు కొంటే, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్ఇన్ చేయాల్సి వస్తుంది. అందుకోసం కొన్ని దేశాల్లో వీసా కూడా అడుగుతారు. ఇంగ్లిష్ రాని మనిషిని ఆ అవస్థలో పడేయకండి.

సీటు నడవ పక్కన, బాత్రూంకు దగ్గరగా తీసుకోండి. కిటికీ సీటు పిల్లలకు సరదా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ప్రతిసారీ ఇద్దరిని దాటుకుని లేవలేక, నీళ్లు తాగడమే మానేస్తారు. శాకాహారులైతే ‘ఏషియన్ వెజిటేరియన్’ భోజనం ముందే ఎంచుకోండి. ప్రయాణానికి కనీసం ఒక రోజు ముందు చెప్పాలి, విమానం ఎక్కాక అడిగితే దొరకకపోవచ్చు.

వీల్‌చైర్ విషయంలో మొహమాటం వద్దు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అసలు కష్టసుఖాలన్నీ దీని దగ్గరే ఉన్నాయి.

వీల్‌చైర్ అనగానే చాలామంది పెద్దవాళ్లు నామోషీగా అనుకుంటారు. "నేనేమన్న కుంటిదాన్నా?" అని మా పెద్దమ్మ రెండు రోజులు అలిగింది. పెద్ద విమానాశ్రయాల్లో గేటు దగ్గరికి ఇరవై నిమిషాలు నడవాల్సి రావడం మామూలే. ఇంట్లో వంటగది నుంచి వాకిలి దాకా నడవగలిగినవాళ్లు అంత దూరం నడవలేరు. పైగా వీల్‌చైర్‌తో పాటు దాన్ని తోసే మనిషి వస్తారు. ఆ మనిషికి దారి తెలుసు. కౌంటర్, ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా చూసేచోటు), సెక్యూరిటీ, గేటు అన్నీ వాళ్లే దాటిస్తారు.

టికెట్ కొనేటప్పుడే అడగండి. ఆలస్యమైనా ప్రయాణానికి 48 గంటల ముందైతే చెప్పి తీరాలి. ఇందులో మూడు రకాలుంటాయి. మెట్లు ఎక్కగలరు గానీ దూరం నడవలేనివాళ్లది ఒకటి, మెట్లు కూడా ఎక్కలేనివాళ్లది రెండోది, సీటు దాకా ఎత్తుకుని కూర్చోబెట్టాల్సినవాళ్లది మూడోది. మీవాళ్లది ఏ రకమో ఉన్నదున్నట్టు చెప్పండి. తర్వాత విమాన సంస్థకు ఫోన్ చేసి, వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ రెండు వైపులా నమోదైందా అని అడగండి. వెళ్లేటప్పటిది ఉండి, తిరుగు ప్రయాణానిది లేకపోవడం నేను కళ్లారా చూశాను.

కాళ్లు బాగుండి, భాష రాదన్న భయం ఒక్కటే ఉంటే వీల్‌చైర్ అడగకండి. అమెరికా వైపు వెళ్లే విమానాలకు వీల్‌చైర్లు అడిగేవాళ్లు చాలా ఎక్కువ. అక్కర లేనివాళ్లు తీసుకుంటే నిజంగా నడవలేని ముసలాయన క్యూలో నిలబడాల్సి వస్తుంది. భాష కోసమైతే విమాన సంస్థను ‘మీట్ అండ్ అసిస్ట్’ గురించి, అంటే ఒక మనిషి తోడుండి దారి చూపే సేవ గురించి, అడగండి. కొన్నిచోట్ల డబ్బు కట్టాలి. అదీ కాకపోతే బయల్దేరే రోజు కౌంటర్ దగ్గర అదే విమానంలో, అదే ఊరికి వెళ్తున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా అని చూడండి. దాదాపు ఎప్పుడూ ఉంటారు. "మా అమ్మను కాస్త చూసుకోండి అన్నా" అంటే కాదనేవాళ్లను నేను చూడలేదు.

పెద్దమ్మకు ఎదురైన ఒక కష్టం చెప్తాను. మధ్యలో దిగినచోట వీల్‌చైర్ తోసుకొచ్చిన అబ్బాయి ఆమెను పదిమంది కూర్చున్న ఒక హాల్లో దింపి, చేత్తో ఏదో సైగ చేసి వెళ్లిపోయాడు. గంటన్నర దాకా ఎవరూ రాలేదు. బాత్రూంకు వెళ్లాలి, ఎవరినడగాలో తెలియదు, లేచి వెళ్తే పిలిచినప్పుడు తప్పిపోతానేమో అని భయం. అలాగే బిగపట్టుకుని కూర్చుంది. ఈ ముచ్చట చెప్తుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే గుండె కలుక్కుమంది, ఎందుకంటే ఆ సంగతి నేను ముందే ఆలోచించి ఉండాల్సింది.

తిరుగు ప్రయాణానికి కొడుకు ఆమెకు ఒక అట్ట చేసిచ్చాడు. అరచేయంత ఉంటుంది, ప్లాస్టిక్ అతికించి, స్కూల్ పిల్లల ఐడీ కార్డులా మెడలో వేసుకునేట్టు తాడు కట్టాడు. ఒక్కో వరుసలో పైన తెలుగు, కింద ఇంగ్లిష్, పక్కన చిన్న బొమ్మ. ‘బాత్రూంకు వెళ్లాలి’ పక్కన తలుపు బొమ్మ. ‘తాగే నీళ్లు కావాలి’ పక్కన గ్లాసు. ‘నా గేటు దగ్గరికి తీసుకెళ్లండి’, ‘ఇంకా ఎంతసేపు?’, ‘ఈ నంబరుకు ఫోన్ చేయండి’. వెనకవైపు విమానం నంబర్లు, కొడుకు ఫోన్, ఆమెకున్న జబ్బులు, వేసుకునే మందుల పేర్లు. ఏం కావాలంటే దాని మీద వేలు పెట్టి చూపించడమే. ఈసారి నాలుగుసార్లు వాడిందట. ఏ జిరాక్స్ సెంటర్లోనైనా పది నిమిషాల్లో చేసిస్తారు. ఈ వ్యాసంలో ఒకే ఒక్క పని చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

బొమ్మలు గుర్తుపట్టడం నేర్పండి

చదువు రానివాళ్లైనా బస్సు నంబరు గుర్తుపడతారు కదా, గేటు నంబరు కూడా అంతే. ఒక ఇంగ్లిష్ అక్షరం, పక్కన అంకె. బోర్డింగ్ పాస్ మీద అది ఎక్కడుంటుందో ఫోన్‌లో ఫొటో పెట్టి చూపించండి. బాత్రూం గుర్తు, నీళ్ల కుళాయి గుర్తు, లిఫ్ట్ గుర్తు ఏ దేశంలోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి. మధ్యలో విమానం మారేటప్పుడు జనం రెండు దారులుగా చీలిపోతారు. ఒకటి బయటికి వెళ్లేవాళ్లది, రెండోది ఇంకో విమానం ఎక్కేవాళ్లది. రెండో దారిలో ‘ట్రాన్స్‌ఫర్స్’ అనో ‘కనెక్షన్స్’ అనో ఉంటుంది. ఆ రెండు మాటల ఆకారం కళ్లకు అలవాటయ్యేదాకా చూపించండి. మేము నాలుగు సాయంత్రాలు భోజనాలయ్యాక ఇదే పని చేశాం.

ఎస్కలేటర్ అలవాటు లేకపోతే సిటీకి వెళ్లినప్పుడు ఏదైనా మాల్‌లోనో మెట్రో స్టేషన్‌లోనో రెండుసార్లు ఎక్కించి దింపండి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకోవాలని చెప్పండి. భయపడితే లిఫ్ట్ వెతుక్కోమనండి.

పెట్టె సర్దడం

కొక్కెం ఉన్న తూకం ఒకటి కొనండి. సూట్‌కేసు పిడికి తగిలించి పైకి లేపితే బరువు చూపిస్తుంది. అమెరికా టికెట్లకు చాలా సంస్థలు 23 కిలోల పెట్టెలు రెండు ఒప్పుకుంటాయి, గల్ఫ్‌కైతే టికెట్‌ను బట్టి మారుతుంది. చేతి బ్యాగు ఎక్కువగా 7 కిలోలు. మీ టికెట్ మీద ఏం రాసి ఉందో అదే లెక్క. ఇంట్లో ఒక కిలో తక్కువే ఉంచండి. కౌంటర్ ముందు నేల మీద పెట్టె విప్పి, వెనక క్యూ అంతా చూస్తుండగా ఏ డబ్బా తీసేయాలో తెలియక నిలబడ్డవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సకినాలు స్టీలు డబ్బాలో వద్దు, బరువు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నిలువుగా పేర్చి, సందుల్లో టిష్యూ కాగితం కుక్కి, పెట్టె మధ్యలో బట్టల నడుమ పెడితే విరగవు. తొక్కులు (పచ్చళ్లు) చేతి బ్యాగులో పెట్టొద్దు, పెద్ద పెట్టెలోనే వేయండి. గాజు సీసా అసలు వద్దు. ప్లాస్టిక్ డబ్బా మూతకు చుట్టూ టేపు, దాని మీద రెండు కవర్లు. నెయ్యి, నూనె, కొబ్బరినూనె లాంటివి చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లు మించిన సీసాలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ఎండు కొబ్బరి కుడకలు మాత్రం ఎందులోనూ పెట్టకండి. అందులో నూనె ఎక్కువ, మంట అంటుకునే వస్తువుల కింద లెక్కకడతారు. చికెన్ తొక్కు, మటన్ తొక్కు అమెరికాకు ఒప్పుకోరు. మామిడికాయ తొక్కుకు ఇబ్బంది లేదు గానీ, తినే వస్తువులున్నాయని అక్కడ దిగాక అడిగితే ఉన్నాయనే చెప్పాలి.

పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెడితే పెట్టె ఆపేస్తారు.

దుబాయ్, అబుదాబి వైపు వెళ్లేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. గసగసాలు అక్కడ నిషేధం. మనకు అది మసాలా దినుసు, అక్కడ మత్తు పదార్థాల చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో పట్టించిన మసాలా పొడిలో కూడా లేకుండా చూసుకోండి. ట్రమడాల్, కోడిన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా అక్కడ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఏ మందులైనా షీటుతో సహా, డాక్టర్ చీటీతో పాటు పెట్టండి.

ఇంకొకటి. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్లే మనిషి ఉన్నాడంటే ఊరంతా పార్సిళ్లు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. అయినా సరే, విప్పి చూడకుండా ఒక్క పొట్లం కూడా పెట్టెలో వేయొద్దు. తెలియనివాళ్లు ఇచ్చింది విప్పి చూసినా సరే వద్దు. పెట్టెలో దొరికిన వస్తువుకు పెట్టె ఎవరిదో వాళ్లే జవాబు చెప్పాలి. పరాయి దేశంలో "నాది కాదు" అంటే వినరు. ఎవరైనా కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి.

చేతి బ్యాగులో పాస్‌పోర్టు, మందులు, శాలువా, మేజోళ్లు, ఒక జత బట్టలు, ఖాళీ నీళ్ల సీసా ఉండాలి. సీసా ఖాళీగా ఉంటే సెక్యూరిటీ దాటనిస్తారు, లోపల కుళాయి దగ్గర నింపుకోవచ్చు. లోపల దుకాణంలో నీళ్ల ధర చూసి దాహం చంపుకునే తరం మన అమ్మానాన్నలది. ఈ సీసా వాళ్లకు వరం. పెద్ద పెట్టె పిడికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి, పెట్టె ఫొటో వాళ్ల ఫోన్‌లో తీసి పెట్టండి.

కాగితాలు

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. భారతీయులు దేశం దాటేటప్పుడు ఇమిగ్రేషన్ దగ్గర నింపే కార్డును 2017 జులై నుంచి తీసేశారు. ఫారం నింపిపెడతామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్తుంటే వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కింద, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకంలో, ఉంటుంది. అలాంటివాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా అనుమతి, ప్రవాసీ భారతీయ బీమా రెండూ ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవచ్చని ఏజెంట్ చెప్తే నమ్మొద్దు.

తరచూ తిరిగేవాళ్లకు ఒక మంచి ఏర్పాటు వచ్చింది. కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్లో ఒకసారి నమోదు చేసుకుని వేలిముద్రలు ఇస్తే, ఇమిగ్రేషన్ దగ్గర క్యూ లేకుండా ఈ-గేటు నుంచి వెళ్లిపోవచ్చు. ఎఫ్‌టీఐ-టీటీపీ అంటారు. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాద్‌కూ వచ్చింది. ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజి యాత్ర మాత్రం దేశంలోపలి ప్రయాణాలకు, దాంతో దీన్ని కలపకండి.

వరంగల్ నుంచి దారి

మనకు ఇంటి దగ్గరే విమానం దిగే రోజు కోసం అందరం ఎదురుచూస్తున్నాం. మామునూరులో 1930లో నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌పోర్టు 1981 దాకా నడిచింది. దాన్ని మళ్లీ తెరవడానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది. అది తెరిచేదాకా మన దారి శంషాబాదే.

గల్ఫ్ వైపు విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే బయల్దేరుతాయి. లెక్క వెనక నుంచి వేసుకోండి. విమానం తెల్లవారుజామున 4 గంటలకైతే ఒంటిగంటకు అక్కడుండాలి. కౌంటర్లు చాలావరకు విమానానికి గంట ముందే మూసేస్తారు. హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి మీదుగా వచ్చి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీ ట్రాఫిక్‌లో పడకుండా నేరుగా శంషాబాద్ చేరతారు. మూడు, మూడున్నర గంటలు పడుతుంది. నేనైతే రాత్రి 8 దాటనివ్వను. చలికాలం పొగమంచు ఉంటే ఇంకో గంట కలుపుతాను. కరీంనగర్ వాళ్లు సిద్దిపేట మీదుగా వచ్చి శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్, నిర్మల్ వాళ్లు మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కవచ్చు.

కారు లేకపోతే సిటీ నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. మీరు దిగే చోటికి ఏది దగ్గరో, దాని టైమింగ్స్ ఏమిటో ముందురోజే కనుక్కోండి. సామాను పెట్టుకోవడానికి వాటిలో జాగా ఉంటుంది.

సాగనంపడానికి నాలుగు బండ్లలో రావొద్దు. టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి రానివ్వరు. ఆగస్టు 15, జనవరి 26 రోజుల్లో ఇంకా గట్టిగా ఉంటారు. బొట్టు పెట్టడం, కాళ్లు మొక్కడం, ఏడవడం అన్నీ ఇంటి దగ్గరే కానిచ్చి, ఇద్దరు మాత్రం వెళ్లండి. ద్వారం ముందు పాస్‌పోర్టు, టికెట్ చూపించేటప్పుడు పెద్దవాళ్ల మనసు నిమ్మళంగా ఉండాలి.

లోపలికి వెళ్లాక

వరుస ఇది: కౌంటర్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, గేటు. కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలు అడగాలి. సామాను చివరి ఊరిదాకా వెళ్తుందా? రెండో విమానం బోర్డింగ్ పాస్ ఇప్పుడే ఇస్తారా? వీల్‌చైర్ అక్కడ కూడా రాసి ఉందా? పెట్టెకు కట్టిన చీటీ మీద చివరి ఊరి మూడక్షరాల గుర్తు ఉండాలి. ఆ చీటీలో సగం బోర్డింగ్ పాస్‌కు అంటిస్తారు, పారేయొద్దు.

గుండెకు పేస్‌మేకర్, మోకాలికి ఆపరేషన్ ఉంటే సెక్యూరిటీవాళ్లకు ముందే చెప్పాలి. ఆడవాళ్లను తెర చాటున ఆడవాళ్లే తనిఖీ చేస్తారని పెద్దమ్మలకు ముందే చెప్పండి, లేకపోతే గాబరా పడతారు.

చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు మైకులో పిలవడం తగ్గించారు. బోర్డు చూస్తూ ఉండాలి. ముందు గేటు చూసుకుని, ఆ తర్వాతే తినడానికి వెళ్లాలి. వైఫై చాలాచోట్ల ఉచితమే గానీ ఫోన్‌కు ఓటీపీ వస్తేనే కలిసేచోట్లు ఉన్నాయి, కాబట్టి చిన్న రోమింగ్ ప్యాక్ ఒకటి వేయించండి.

మధ్యలో దోహాలో దిగితే అక్కడ ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా నిద్రపోయే నిశ్శబ్ద గదులున్నాయి, డబ్బు అక్కర్లేదు. సింగపూర్ చాంగిలో కాళ్లు చాపుకునే కుర్చీలు ఉచితం. అక్కడి 40 మీటర్ల జలపాతం మాత్రం ఇమిగ్రేషన్ దాటి బయట ఉంటుంది, దాని కోసం పెద్దవాళ్లు దారి తప్పొద్దు. అబుదాబి నుంచి నేరుగా అమెరికా విమానం ఎక్కితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. అందుకని ఆ దారిలో నాలుగు గంటలకు తక్కువ పెట్టుకోకండి. మిగతా దారుల్లో వెళ్తే చాలావరకు అమెరికాలో మొదట దిగిన ఊళ్లో పెట్టెలు తీసుకుని, లోపలి విమానానికి మళ్లీ ఇవ్వాలి. ఇది తెలియక పెట్టెలు వదిలేసి వెళ్లినవాళ్లున్నారు. మెడలో అట్ట మీద ఒక వరుస దీనికి కూడా పెట్టండి.

తిరిగొచ్చేటప్పుడు

ప్రయాణానికి మూడు రోజుల ముందు వీల్‌చైర్ సంగతి మళ్లీ కనుక్కోండి. శంషాబాద్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి గంట దాకా పట్టవచ్చు, బయట ఎదురుచూసేవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి తొందరపెట్టొద్దు. బయటికి రాగానే మా పెద్దమ్మ మొదట అడిగింది చాయ్. తెల్లవారుజాము మూడున్నర, డ్రైవర్ రాత్రంతా కళ్లు మూయలేదు. ఆయన పార్కింగ్‌లో కారు సీటు వాల్చి గంటన్నర పడుకున్నాకే కదిలాం, బీబీనగర్ దాటాక ఆగి చాయ్ తాగాం. మీరూ డ్రైవర్‌ను పడుకోనివ్వండి, ఇంటికి గంట ఆలస్యమైతే ఏమీ కాదు.